శ్రావణ శుక్రవారం ఎవరి కోసమూ ఆగదు

ఫోన్‌లో యాడ్ పెట్టి చీరలు, పచ్చళ్లు, పిండివంటలు, బొమ్మలు అమ్ముకుంటున్న చిన్న వ్యాపారులందరికీ విన్నపం

వరలక్ష్మీ వ్రతానికి కట్టుకోవాల్సిన చీరను ఎవరూ ఆ శుక్రవారం పొద్దున కొనరు. జాకెట్టు కుట్టించుకోవాలి, ఫాల్ వేయించుకోవాలి. కొరియర్‌కే మూడు నాలుగు రోజులు పడుతుంది. అలా వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే, మగ్గం దిగిన చీరను కొనేవాళ్ల కళ్లముందు పెట్టడానికి మనకు మిగిలేది నాలుగైదు రోజులు. అందులో రెండు రోజులు యాడ్ “రివ్యూలో ఉంది” అన్న ముక్క దగ్గరే కూర్చుంటే ఆ ఏడాది శ్రావణం మనకు అయిపోయినట్టే. ఆవకాయ వాళ్ల సంగతీ అంతే. కాయకు టెంక కట్టిన ఆ కొద్ది వారాల్లో అమ్మాల్సిందే. జూన్‌లో వానలు పడ్డాక ఆవకాయ యాడ్‌కు అనుమతి వస్తే దాన్ని ఏం చేసుకుంటాం?

నేను మంగళగిరి, చీరాల వైపు చిన్న దుకాణాలకు యాడ్లు పెట్టిపెట్టే పని చేస్తాను. పోయిన శ్రావణానికి ముందు ఒక షాపాయన చీరలకు గురువారం సాయంత్రం యాడ్ పెట్టాను. శనివారం రాత్రి దాకా ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత రిజెక్ట్. కారణం అడిగితే “మా విధానాలకు అనుగుణంగా లేదు” అన్న ఒక్క వాక్యం. ఏ విధానానికి, ఏ మాట, ఏ ఫొటో? చెప్పలేదు. మళ్లీ చూడమని మీట నొక్కాను. సోమవారం మధ్యాహ్నం ఒప్పుకున్నారు. నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు! అంటే తప్పు మొదటి నుంచీ లేదు. షాపాయన నన్ను ఒక్క మాటా అనలేదు, “మిగిలిన సరుకు దసరాకి చూద్దాంలే” అన్నాడు. అప్పు మీద తెచ్చిన నూలుకు వడ్డీ మాత్రం దసరా దాకా ఆగుతుందా?

ఈ కాగితం అందుకు రాస్తున్నాను. యాడ్లను చూడకుండా వదిలేయమని అడగడం నా ఉద్దేశం కాదు. చూడాలి, గట్టిగానే చూడాలి. కానీ చూడటానికి ఒక గడువు ఉండాలి, కాదన్నప్పుడు మనకు అర్థమయ్యే కారణం ఉండాలి. ఆ రెండూ సాధించుకోవాలంటే ముందు మన వైపు పని మనం సరిచేసుకోవాలి. ఆ తర్వాతే అడిగే నోరు ఉంటుంది.

ముందు రివ్యూ ఎలా జరుగుతుందో తెలుసుకుందాం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా చెప్పే మాట ప్రకారం ఎక్కువ యాడ్లను 24 గంటల్లో చూసేస్తారు, కొన్నింటికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. గూగుల్ అయితే చాలా వాటికి ఒక పనిదినం అంటుంది. “చూసేస్తారు” అన్నానే గానీ చూసేది ముఖ్యంగా యంత్రం. అది ఫొటో, వీడియో, రాత చూస్తుంది, ఎవరికి చూపించమన్నామో చూస్తుంది, యాడ్ నొక్కితే తెరుచుకునే పేజీని కూడా చూస్తుంది. ఈ చివరిదాన్ని మనలో చాలామంది మరచిపోతారు. యాడ్‌లో గద్వాల చీర, లింక్ నొక్కితే తెరుచుకోని వెబ్‌సైటు. యాడ్‌లో 899, లోపల 1,299. అలాంటప్పుడు ఆపితే తప్పు ఎవరిది?

ఇంకొక పెద్ద తప్పు మన చేతి దురద. యాడ్ రివ్యూలో ఉండగా ఫొటో మారుద్దాం, ఒక మాట కలుపుదాం, హైదరాబాద్‌తో పాటు బెంగళూరు కూడా పెడదాం అని వేలు పెడతాం. ఫొటో, వీడియో, రాత, లింక్, ఎవరికి చూపించాలి అన్నవి మారిస్తే మెటాలో రివ్యూ మళ్లీ మొదటికి వస్తుంది. డబ్బు మొత్తం, తేదీలు మార్చుకుంటే రాదు. అందుకని యాడ్‌ను వారం ముందే పెట్టండి, మొదలయ్యే తేదీ మాత్రం మీకు కావాల్సిన రోజు వేయండి. రివ్యూ అప్పుడే అయిపోతుంది, యాడ్ మాత్రం మీ తేదీకి బయల్దేరుతుంది. నేను చెప్పగలిగిన వాటిలో రూపాయి ఖర్చు లేకుండా ఎక్కువ పని చేసేది ఇదే. ఆషాఢంలోనే శ్రావణం యాడ్ పెట్టేయండి. పెళ్లిచూపులకు వెళ్లే ముందు రోజు తలకు రంగు వేసుకునే అలవాటు మానుకుందాం.

మాటల విషయంలో కొన్ని గుర్తుంచుకోండి. “మీకు షుగర్ ఉందా? మా రాగి జావ తాగండి” అని రాస్తే ఆపుతారు. ఎదుటివాడి జబ్బు, మతం, వయసు తమకు తెలుసన్నట్టు మాట్లాడే యాడ్లకు మెటా ఒప్పుకోదు. “రాగులతో చేసిన జావ పొడి, అర కిలో” అంటే గొడవ లేదు. బరువు తగ్గక ముందు, తగ్గిన తర్వాత అని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టడం కూడా అలాంటిదే. బతికున్న కోళ్లు, గొర్రెలు అమ్మే యాడ్లు అసలు పెట్టకండి, నాటుకోడి అయినా సరే. ఫొటో మీద అక్షరాలు అయిదో వంతు దాటకూడదన్న పాత రూల్ ఇంకా ఉందని కొందరు భయపడుతున్నారు. దాన్ని మెటా 2020లోనే వదిలేసింది. అయినా ఫొటో నిండా ఆఫర్లు కుక్కితే చీర కనపడదు కదా, అది వేరే మాట.

పాన్, జీఎస్టీ, ఉద్యం పత్రాల్లో ఉన్న పేరు, పేజీ మీద ఉన్న పేరు ఒకటే ఉండేట్టు చూసుకుని బిజినెస్ వెరిఫికేషన్ చేయించుకోండి. సందడి లేని నెలలో చేయించుకోవాలి, పండగ ముందు కాదు. అకౌంట్ ఆగిపోయిందని వెంటనే ఇంకొకటి తెరవకండి. దాన్ని నియమాలు ఎగవేయడం కింద లెక్కేసి రెండోదీ మూసేస్తారు. “అకౌంట్ తెరిపిస్తాం, అయిదు వేలివ్వండి” అనే బ్రోకర్ల జోలికి అసలు పోకండి. వాళ్ల చేతికి పాస్‌వర్డ్ ఇచ్చి పేజీయే పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇవన్నీ చేశాక కూడా ఆగుతున్నాయా? ఆగుతున్నాయి. అక్కడి నుంచే మన గొడవ మొదలవుతుంది.

తెనాలి దగ్గర ఆకుకూరలు పండించే ఒకాయన “మందు కొట్టని కూరలు” అని యాడ్ పెట్టాడు. మద్యం విషయంలో నియమం తప్పారని ఆపేశారు. మందు కొట్టడం అంటే పొద్దున చేలో ఒకటి, చీకటి పడ్డాక ఇంకొకటి అని తెలుగు పసివాడికి కూడా తెలుసు. “కత్తిలాంటి డిజైన్లు” అని రాసిన కుర్రాడికి ఆయుధాల నియమం చూపించారట. విన్నప్పుడు నవ్వాను. ఆ కుర్రాడు నవ్వలేదు. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు జరిగింది మరి. మన భాష రాని యంత్రం మన సరుకు మీద తీర్పు చెబుతోంది, ఆ తీర్పును సరిదిద్దే తెలుగు మనిషి ఎక్కడున్నాడో మనకు తెలియదు. యాడ్ డబ్బులు తీసుకోవడానికి యూపీఐ నేర్చుకున్నవాళ్లు, యాడ్ చదవడానికి తెలుగు నేర్చుకోలేరా?

“మోసాలు పెరిగాయి, అందుకే గట్టిగా చూస్తున్నాం” అంటారు. మోసాలు పెరిగిన మాట నిజం. పేరున్న పెద్దమనుషుల మొహాలు పెట్టి షేర్ల లాభాలు చూపించే యాడ్లు మనమూ చూస్తూనే ఉన్నాం. మరి వాటి సంగతేమిటి? 2025 నవంబర్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ మెటా లోపలి కాగితాలు చూసి ఒక వార్త రాసింది. 2024 ఆదాయంలో దాదాపు 10 శాతం మోసాలు, నిషేధించిన సరుకుల యాడ్ల నుంచి వస్తుందని ఆ సంస్థే లోపల అంచనా వేసుకుందట. యాడ్ ఇచ్చేవాడు మోసగాడని యంత్రానికి 95 శాతం నమ్మకం కుదిరితేనే వాడిని పూర్తిగా నిషేధించేవారట. ఆ కాగితాలు ఒక వైపే చూపిస్తున్నాయని, ఆ అంచనా కాకిలెక్క అని, అవసరానికి మించి కలిపేశారని మెటా జవాబు చెప్పింది. సరే, సగమే నిజమనుకుందాం. మోసగాడి విషయంలో 95 శాతం నమ్మకం కావాల్సిన చోట, “మందు” అన్న ఒక్క మాట మీద ఆకుకూరల రైతును ఆపడానికి ఎంత శాతం నమ్మకం సరిపోయింది? నాకు తెలిసి గట్టిదనం అంటే ఇది కాదు. గుమ్మం ముందు చీమను పట్టుకుని దొడ్డి దారిన ఏనుగును వదిలేయడం.

గడువు పెట్టడం కుదరదనేవాళ్లకు మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. టీవీలో రాజకీయ ప్రకటనల గురించి జెమినీ టీవీ వేసిన కేసు మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు నుంచి ఢిల్లీ దాకా వెళ్లింది. 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వును బట్టి ఎన్నికల సంఘం ముందస్తు ధ్రువీకరణ పద్ధతి పెట్టింది. గుర్తింపు ఉన్న పార్టీలు, అభ్యర్థులు ప్రసారానికి 3 రోజుల ముందు, మిగిలినవాళ్లు 7 రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. 2013లో దీన్ని సోషల్ మీడియాకు కూడా వర్తింపజేశారు. జిల్లాలో ఒక కమిటీ ఉంటుంది, అది కాదంటే రాష్ట్ర స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. అన్ని పార్టీలకూ ఆ పద్ధతి నచ్చుతుందని నేను అనను. కానీ ఎప్పుడు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వాలో, కాదంటే ఎక్కడికి పోవాలో వాళ్లకు తెలుసు. ఓటు అడిగే ప్రకటనకు ఉన్న పద్ధతి చీర అమ్మే ప్రకటనకు లేదు.

యూరప్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన డిజిటల్ సేవల చట్టం ఇంకాస్త ముందుకు వెళ్లింది. ఎవరైనా పెట్టిన దాన్ని తీసేస్తే ఎందుకు తీశారో స్పష్టంగా చెప్పాలి. దాని మీద ఫిర్యాదు చేస్తే ఆ ఫిర్యాదును ఒక్క యంత్రమే తేల్చేయకూడదు. మన దేశంలో 2021 ఐటీ నిబంధనలు ఫిర్యాదుల అధికారి ఉండాలన్నాయి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి అని మొదట రాశారు. 2023లో అప్పీలు కమిటీలు కూడా వచ్చాయి. బాగుంది. కానీ అప్పట్లో రాసిన ఆ 15 రోజులంటే శ్రావణంలో సగం. ఆ గడువు రాసినప్పుడు పండగ సరుకు ఎవరి మనసులోనూ ఉన్నట్టు లేదు.

మనం అడగాల్సింది ఇది. పత్రాలు సరిచూసుకుని, ఆరు నెలలుగా ఏ మచ్చా లేని చిన్న వ్యాపారి యాడ్‌ను 6 గంటల్లో తేల్చాలి. తేల్చలేకపోతే ఎప్పటికి తేలుస్తారో చెప్పాలి. ఆపితే ఏ మాట వల్ల ఆపారో, ఏ ఫొటో వల్ల ఆపారో తెలుగులో చూపించాలి. మళ్లీ చూడమన్నప్పుడు తెలుగు చదివే మనిషి చూడాలి. తమ తప్పు వల్లే ఆగిందని తేలితే ఆ యాడ్‌కు ఇంకోసారి వరస కట్టించకూడదు. కేంద్ర ఐటీ శాఖ వాణిజ్య ప్రకటనలకు ఈ గడువులు విడిగా రాయాలి. మన రెండు రాష్ట్రాల జిల్లా పరిశ్రమల కేంద్రాల్లో ఈ పని తెలిసిన ఒక్క మనిషిని కూర్చోబెట్టాలి. రుణాల దరఖాస్తు నింపిపెట్టేవాళ్లు ఉన్నారు, యాడ్ అకౌంట్ ఆగితే చెప్పుకోవడానికి ఎవరూ లేరు. చేనేత శాఖ ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుతుంది. ఈసారి వేదిక మీద శాలువా కప్పేటప్పుడు ఈ మాట కూడా అడుగుదాం.

“మా యాడ్లు ఆగుతున్నాయి” అని గోల పెడితే ఎవరూ వినరు. ఎన్ని ఆగాయి, ఎన్ని గంటలు, ఎన్నింటిని తర్వాత మార్పు లేకుండానే ఒప్పుకున్నారు అని లెక్క చూపిస్తే వినక తప్పదు. ఆ లెక్క ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. నా దగ్గర ఉన్నది పన్నెండు దుకాణాల లెక్క మాత్రమే, అది చాలదు.

అందుకే ఈ కాగితం వెనక వైపు ఏమీ అచ్చు వేయించలేదు, అయిదు గళ్లు మాత్రం గీయించాను. యాడ్ పెట్టిన తేదీ, టైము. ఒప్పుకున్న లేదా ఆపిన తేదీ, టైము. వాళ్లు చెప్పిన కారణం, ఉన్నది ఉన్నట్టు. మళ్లీ చూడమంటే ఏమైంది. ఆ యాడ్ ఏ పండగ కోసం. డబ్బు లెక్కలు రాయొద్దు, కొన్నవాళ్ల పేర్లు అసలు రాయొద్దు. నిండాక ఈ కాగితం మీకు ఇచ్చినవాళ్ల చేతికే తిరిగి ఇవ్వండి. ఆషాఢ అమావాస్య నుంచి వరలక్ష్మీ వ్రతం దాకా పెట్టిన ప్రతి యాడ్‌నూ రాయండి, ఆగనివి కూడా రాయాలి, లేకపోతే లెక్క అబద్ధమవుతుంది. పెన్ను గల్లాపెట్టె పక్కనే పెట్టుకోండి.