పేరు మనది.. మనుగడ పోరు వాటిది
ఆస్ట్రేలియా బాండికూట్‌లకు దీవులే దిక్కు
కంగారూలను చూసి అంతా బాగుందనుకుంటే పొరపాటే

తెలుగు నేలపై పుట్టి దేశాలు దాటిన మాటల్లో ‘పందికొక్కు’ ఒకటి. ఆంగ్లేయుల నోట అది ‘బాండికూట్‌’గా మారింది. ఆస్ట్రేలియాకు చేరి అక్కడి ఒక చిన్న జంతువుకు పేరైంది. నిజానికి ఈ రెండింటికీ చుట్టరికం లేదు. మన పొలం గట్లను తవ్వి ధాన్యాన్ని కొల్లగొట్టే పందికొక్కు ఎలుకల కోవకు చెందినది. ఆస్ట్రేలియా బాండికూట్‌ మాత్రం కంగారూ మాదిరిగా పొట్ట కింది సంచిలో పిల్లలను పెంచే మార్సూపియల్‌. ఇక్కడ రైతు వదిలించుకోవాలని చూసే జీవి పేరు పెట్టుకున్న ఆ ప్రాణిని నిలబెట్టుకోవడానికి అక్కడి ప్రభుత్వాలు, జంతుశాలలు మూడు దశాబ్దాలకు పైగా పాటుపడవలసి వచ్చింది.

తెలుగు జిల్లాల నుంచి చదువులకు, ఉద్యోగాలకు మెల్‌బోర్న్‌, సిడ్నీ నగరాలకు వెళ్ళినవారు వేల సంఖ్యలో ఉన్నారు. పిల్లలను చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులకు ఊరు దాటగానే రోడ్డు పక్కన కంగారూలు కనిపిస్తాయి. చెట్ల కొమ్మల్లో కోలాలు దొరికినా దొరుకుతాయి. దీంతో ఆ దేశంలో వన్యప్రాణులకు కొదవ లేదన్న అభిప్రాయం కలుగుతుంది. వాస్తవం వేరు. 1788లో ఐరోపావాసులు స్థిరపడిన నాటి నుంచి ఆ ఖండంలో 30కి పైగా క్షీరద జాతులు అంతరించాయి. టాస్మేనియా పులిగా పేరుపడ్డ థైలసైన్‌లలో చివరిది 1936 సెప్టెంబరు 7న హోబర్ట్‌ జంతుశాలలో కన్నుమూసింది. దానికి చట్టపరమైన రక్షణ కల్పించి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

దెబ్బ తిన్నవన్నీ చిన్నవే

కనుమరుగైన వాటిలో అధిక భాగం చిన్న, మధ్యతరహా జంతువులేనన్నది గమనార్హం. 35 గ్రాముల నుంచి ఐదున్నర కిలోల వరకు బరువు ఉండే జీవులే ఎక్కువగా నష్టపోయాయని శాస్త్రవేత్తలు గుర్తించారు. పిల్లి, నక్క నోటికి అందే పరిమాణం అది. తొలి వలస నౌకలతో పిల్లులు వచ్చాయి. 19వ శతాబ్దంలో వేట సరదా కోసం ఐరోపా నుంచి ఎర్రనక్కలను తెచ్చి వదిలారు. అటువంటి శత్రువును తరతరాలుగా ఎరుగని స్థానిక జీవులకు తప్పించుకునే నేర్పు లేకపోయింది. పెద్ద కంగారూలు తట్టుకున్నాయి. పగటిపూట పర్యాటకుడి కంట పడేవి కూడా అవే. రాత్రివేళ గడ్డిలో తిరిగే చిన్న ప్రాణులు మాయమైన సంగతి ఎవరి దృష్టికీ రాలేదు.

విక్టోరియా రాష్ట్రంలోని తూర్పు చారల బాండికూట్‌ ఇందుకు నిదర్శనం. కిలోకు లోపు బరువు, పొడవాటి ముక్కు, నడుము వెనుక లేత రంగు చారలు దీని గుర్తులు. రాత్రిళ్ళు నేలను తవ్వి పురుగులను ఏరుకు తింటుంది. తవ్వేటప్పుడు మట్టి చొరబడకుండా దీని సంచి మూతి వెనుకవైపు తెరుచుకుని ఉంటుంది. గర్భధారణ కాలం సుమారు 12 రోజులే. ఏడాదిలో పలుమార్లు ఈనుతుంది. ఇంత వేగంగా సంతతిని పెంచుకునే జీవి కూడా ప్రధాన భూభాగంలో నిలవలేకపోయిందంటే ముప్పు తీవ్రత అర్థమవుతుంది. ఒకవైపు పశ్చిమ విక్టోరియా పచ్చికబయళ్ళు దాదాపు పూర్తిగా సాగుభూములుగా మారాయి. మరోవైపు నక్కలు వెంటాడాయి. చివరికి మిగిలిన కొద్దిపాటి గుంపు హామిల్టన్‌ పట్టణ చెత్తకుప్ప పరిసరాల్లో, పాత కార్ల తుక్కు చాటున తలదాచుకుంది.

చేయి పట్టి లేపితే..

1980 దశకం చివర్లో వాటిని పట్టి సంరక్షణలో పెంచడం ప్రారంభించారు. తొలినాళ్ళలో తిరిగి వదిలిన చోట్ల చాలావరకు చేదు అనుభవమే ఎదురైంది. నక్కలను అదుపు చేయనిదే ఫలితం లేదని అప్పుడు తేలిపోయింది. దాంతో నక్కలు చొరబడలేని కంచెల మధ్య, నక్కలు లేని దీవుల్లో వాటికి చోటు చూశారు. 2015లో చర్చిల్‌ దీవిలో, 2017లో ఫిలిప్‌ దీవిలో, 2019లో ఫ్రెంచ్‌ దీవిలో బాండికూట్‌లను విడిచిపెట్టారు. కొన్నిచోట్ల గొర్రెల మందలతో పాటు వీటికి కూడా మరెమ్మా జాతి కాపలా కుక్కలను తోడుగా ఉంచారు. 2021లో ఈ జీవి స్థాయిని ‘సహజ ఆవాసంలో అంతరించినది’ నుంచి ‘ప్రమాదంలో ఉన్నది’గా మార్చారు. ఆస్ట్రేలియాలో ఇటువంటి మార్పు అదే తొలిసారి. వీటి సంఖ్య 1,500 వరకు ఉంటుందని అప్పట్లో అంచనా వేశారు.

మెల్‌బోర్న్‌ వెళ్ళిన తెలుగువారిలో ఫిలిప్‌ దీవి పేరు వినని వారు అరుదు. సాయంవేళ సముద్రం నుంచి ఒడ్డుకు వచ్చే చిన్న పెంగ్విన్‌లను చూడటానికి జనం అక్కడికి తరలివెళ్తారు. ఆ పెంగ్విన్‌లను కాపాడేందుకే అక్కడ నక్కలను ఏళ్ళ తరబడి ఏరివేశారు. 2017లో దీవిని నక్కలు లేని ప్రాంతంగా ప్రకటించారు. పెంగ్విన్‌ల కోసం పడిన శ్రమ బాండికూట్‌లకూ కలిసివచ్చింది. అక్కడ పిల్లులు ఉన్నా అవి నెట్టుకొస్తున్నాయి. అయితే ఆ దీవిని ప్రధాన భూభాగంతో కలుపుతూ వంతెన ఉంది. నిఘా సడలితే పరిస్థితి మొదటికి వచ్చే ప్రమాదం లేకపోలేదు.

విజయమా? నిర్బంధమా?

అసలు ప్రశ్న ఇక్కడే తలెత్తుతోంది. కంచె లోపల, దీవి మీద బతుకుతున్న ప్రాణిని అడవిలో ఉన్నట్లు లెక్కించవచ్చా? తూర్పు క్వోల్‌ కథ కూడా ఇదే. ప్రధాన భూభాగంలో అది చివరిసారిగా 1963లో సిడ్నీలో కనిపించింది. 2016లో టాస్మేనియా, విక్టోరియాల నుంచి తెచ్చి కాన్‌బెర్రా సమీపంలోని ముల్లిగన్స్‌ ఫ్లాట్‌లో కంచె లోపల వదిలారు. కంచెల వల్ల జాతి మిగులుతున్న మాట నిజం. అది లేకపోతే చూడటానికి ఏమీ ఉండేది కాదన్నదీ నిజమే. కానీ కంచె నిర్వహణ ఒక్క ఏడాదితో తీరే ఖర్చు కాదు. పైగా శత్రువు ఎదురుపడని చోట పెరిగిన తరాలు జాగ్రత్తను నేర్చుకోవు. నక్కలు, పిల్లులు యథేచ్ఛగా తిరిగే నేలపై ఈ జీవులు తమంత తాముగా నిలదొక్కుకున్ననాడే పూర్తి విజయం సాధించినట్లవుతుంది. ఆ రోజు ఇంకా రాలేదు.

చూడటానికి వెళ్ళేవారిపైనా బాధ్యత ఉంది. ఈ జీవులు చీకటిపడ్డాకే బయటికి వస్తాయి. ఆ వేళ దీవి రోడ్లపై వాహన వేగం తగ్గించాలి. కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపాలకు బదులు ఎర్రటి మసక వెలుతురు వాడాలి. ఆహారం వేయరాదు, వెంటపడరాదు. గడ్డి నేలలో శంఖాకారంలో చిన్న గుంటలు కనిపిస్తే బాండికూట్‌ అక్కడ తిరిగిందని గుర్తు. ప్రాణి కంటపడకపోయినా ఆ గుంటలు కనిపించడం చిన్న విషయం కాదు. చెత్తకుప్ప చాటున మిగిలిన కొద్దిపాటి గుంపు నుంచి వచ్చిన సంతతి మళ్ళీ నేలను తవ్వుతోందనడానికి అంతకంటే మంచి రుజువు ఉండదు.