చర్మం బిగుసుకుంటే...

ఒంటి మీద నున్నటి మచ్చ కనిపిస్తే చాలామంది సుల్తాన్ బజార్‌లోని ఏ ఫ్యాన్సీ దుకాణంలోనో క్రీము కొని రాస్తారు. అది తెల్లబడుతుంటే కుష్టేమోనని భయపడి దాచేస్తారు. మచ్చ చేతికి గట్టిగా తగులుతుంటే మాత్రం ‘మార్ఫియా’ కావచ్చు. అంటే కొంత మేరకే పరిమితమయ్యే స్క్లెరోడెర్మా.

చర్మానికి పటుత్వాన్నిచ్చేది కొలాజెన్ అనే ప్రొటీన్. దాన్ని తయారుచేసేవి ఫైబ్రోబ్లాస్ట్ కణాలు. రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడంతో ముందు అక్కడ వాపు మొదలవుతుంది. అప్పుడు వెలువడే టీజీఎఫ్-బీటా వంటి రసాయనాలు ఈ కణాలను అదేపనిగా ఉసిగొల్పుతాయి. దాంతో కొలాజెన్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. స్వేదగ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు అందులో నలిగిపోతాయి. అందుకే అక్కడ చెమట పట్టదు, వెంట్రుక మొలవదు. మార్పంతా లోపలి పొరలో కాబట్టి సౌందర్య క్రీములతో ఫలితం ఉండదు.

ఇది అంటువ్యాధి కాదు. కుష్టు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, ఇందులో సాధారణంగా తగ్గదు. అయితే పిల్లల్లో కాలి మీదో, చేతి మీదో గీతలా వచ్చి లోతుకు దిగితే ఆ అవయవం ఎదుగుదలే కుంటుపడవచ్చు.

మచ్చ చుట్టూ ఊదారంగు అంచు ఉంటే జబ్బు ఇంకా చురుగ్గా ఉన్నట్టే. పూత మందులు, అతినీలలోహిత కాంతి చికిత్స, అవసరమైతే మెథోట్రెక్సేట్ మాత్రలు బాగా పనిచేసేది ఈ దశలోనే. పూర్తిగా బిగుసుకున్నాక చర్మాన్ని మామూలు స్థితికి తేవడం కష్టం.

బజారుకు కాస్త దూరంలోనే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది. క్రీము కొనేముందు అక్కడో, దగ్గర్లోని చర్మవైద్యుల వద్దో చూపించుకోవడం మేలు.