మూతకు ముందే మార్గం

పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రంలో 2024 ఆగస్టులో ఎనిమిది కూలింగ్ టవర్లు క్షణాలలో నేలకూలాయి. ఆ పాత యూనిట్లు 2020 నాటికే మూతపడ్డాయి. అయితే పక్కనే 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్ 2018లోనే సిద్ధమైంది. ఇటువంటి వెసులుబాటు ఎల్లకాలం ఉండదు. బొగ్గు మండగా వెలువడే బొగ్గుపులుసు వాయువు భూగోళాన్ని వేడెక్కిస్తున్నది. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు చేరుస్తామని భారతదేశం 2021లో గ్లాస్గో సదస్సులో ప్రకటించింది.

ప్రత్యామ్నాయం లేకపోలేదు. రామగుండం జలాశయంపై తేలియాడే 100 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రం 2022లో పూర్తయింది. పాత కేంద్రాల భూమి, నీరు, విద్యుత్ లైన్లు కొత్త విద్యుత్తుకూ అక్కరకు వస్తాయి. రాత్రివేళకు బ్యాటరీలలో నిల్వ చేసిన విద్యుత్తు తోడు కావాలి.

కాని సౌరఫలకాలకు బొగ్గు తవ్వే చేతులతో, మోసే లారీలతో పనిలేదు. శాశ్వత ఉద్యోగికి బదిలీ దొరకవచ్చు. కాంట్రాక్టు కార్మికునికి, గేటు ముందరి టీకొట్టువానికి ఏది దారి? ఇల్లు కాలుతుండగా బావి తవ్వితే ఫలితముండదు. ప్రతి కేంద్రం మూసివేత గడువును ఏళ్ల ముందే ప్రకటించాలి. అక్కడివారికి కొత్త పనులలో శిక్షణనిచ్చి, జీవనోపాధి చూపిన తరువాతనే కొలిమి ఆర్పాలి. లోకానికి వెలుగునిచ్చిన ఊరిని చీకటిలో విడిచిపెట్టడం న్యాయం కాదు.