దాన్ని చనుమొన అనే అందాం

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం దర్శనానికి మగవాళ్లు చొక్కా విప్పి పోవాలి. నాకు చిన్నప్పటి నుంచి ఆ క్యూ అంటే భయం. నా ఎడమ ఛాతీ కింద, నాలుగు వేళ్ల దూరంలో, ఇంకో చిన్న చనుమొన ఉంది. అందుకే కండువా ఎప్పుడూ అటువైపే.

ఇంట్లో దాన్ని పుట్టుమచ్చ అనేవాళ్లు. మా అవ్వ అయితే "రాజయోగం రా నాయనా" అనేది. ఒకసారి తుంగభద్రలో మునుగుతుంటే మా మామ కొడుకు చూసి "ఏంరా, నీకు మూడా?" అని ఒడ్డంతా వినపడేట్టు నవ్వినాడు. మళ్లీ రెండేళ్లు నేను నీళ్లలో దిగలేదు.

అసలు సంగతి చాలా మామూలుది. తల్లి కడుపులో ఆరో వారం ప్రాంతంలో ప్రతి పిండానికీ చంక నుంచి గజ్జ దాకా, రెండు పక్కలా, పాలగీత ఏర్పడుతుంది. కుక్కకీ పందికీ ఆ గీత పొడవునా చన్నులొస్తాయి. మనిషికి ఛాతీ దగ్గర తప్ప మిగతాదంతా కరిగిపోతుంది. ఎక్కడన్నా కాస్త మిగిలితే ఇది. (మా బ్రాంచి భాషలో, డిలీట్ చేయడం మర్చిపోయిన పాత లైను. ప్రోగ్రాం బాగానే రన్ అవుతుంది.) అధ్యయనాల లెక్కలు వెయ్యికి ఇద్దరి నుంచి వందకి అయిదుగురి దాకా ఉన్నాయి. అంటే గురువారం రద్దీలో నాలాంటోళ్లు ఇంకొందరు ఉండే ఉంటారు, కండువాలు కప్పుకొని.

మదురై మీనాక్షమ్మ మూడు స్తనాలతో పుట్టిందని కథ ఉంది కదా, అని ఒక ఫ్రెండు ఓదార్చినాడు. కానీ అందులోనూ కాబోయే భర్తని చూడగానే మూడోది మాయమవుతుంది. కథలో కూడా ఉండనివ్వలేదు!

నా దృష్టిలో రాజయోగం అన్నా, ఎగతాళి చేసినా ఒకటే. రెండింట్లోనూ దాని అసలు పేరు ఎవరూ పలకరు. మగపిల్లోణ్ని కాబట్టి నాకు పోయింది సిగ్గు మాత్రమే. ఆడవాళ్లకి కొందరికి గర్భంతో ఉన్నప్పుడు చంకలో అది వాచి నొప్పి పెడుతుంది, పాలు కూడా రావచ్చు. అదేంటో ముందే తెలియకపోతే ఎంత భయం? పైగా లోపల రొమ్ము కణజాలం ఉంటే, రొమ్ముకొచ్చే జబ్బులు అరుదుగా దానికీ వస్తాయి. గడ్డ తగిలినా, రంగు మారినా డాక్టరుకి చూపించాలి. అదృష్టపు మచ్చని ఎవరు చూపిస్తారు?

పోయిన వేసవిలో కండువా సంచిలోనే పెట్టి క్యూలో నిలబడినా. వెనకాల ఒక చిన్నోడు "నాయనా, ఆ అన్నకి చూడు..." అన్నాడు. వాళ్ల నాయన వాడి నోరు మూసినాడు. నేను తిరిగి, "చనుమొన రా, పుట్టుకతోనే వచ్చింది" అని చెప్పినా. వాడు ఒకసారి తన పొట్ట చూసుకొని, "నాకు లేదే" అన్నాడు, కొంచెం దిగులుగా.