‘గింబళి’ దుమ్ము దులపాలి!

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. జహీరాబాద్‌లాంటి ఊళ్లో ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరితే నానమ్మ కోరేది ఒక్కటే... ‘గుండమ్మ కథ పెట్టరాదూ!’

సినిమా మొదలవుతుంది. నానమ్మ నవ్వుతూనే ఉంటుంది. పది నిమిషాలయ్యాక మనవడు మెల్లగా లేస్తాడు. ‘మొత్తం మసక మసకగున్నది నానమ్మా... మాటలు సుత సరిగ్గ ఇనవస్తలేవు’ అంటాడు.

తప్పు పిల్లాడిది కాదు. సూర్యకాంతానిదీ, రమణారెడ్డిదీ అసలే కాదు. వాళ్ల నవ్వుల్ని మన ఇంటిదాకా మోసుకొచ్చిన కాపీది. నానమ్మకు ఆ మసక అడ్డు కాదు. ఎప్పుడో టూరింగ్ టాకీస్‌లో చూసిన బొమ్మ ఆమె కళ్లలో ఇంకా నిలిచే ఉంది. మరి మనవడికో? తెరమీద కనిపించేదే సినిమా!

కాసిని చుక్కలే దక్కాయి!
పాత సినిమాలు ఇళ్లలోకి జోరుగా వచ్చింది వీసీడీలతో. ఒక్కో డిస్కులో పట్టేది 74 నుంచి 80 నిమిషాలే. అందుకే మన సినిమాలు రెండు, మూడు డిస్కులయ్యేవి. బొమ్మ కొలతా అంతంతే... 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. డీవీడీలో అది 720, 576. అంటే నాలుగింతలు! 2007 ప్రాంతంలో మోజర్‌బేర్ 28 రూపాయలకే వీసీడీ, 34 రూపాయలకే డీవీడీ అమ్మి బజారును ఊపేసింది. జేబుకు హాయే. కానీ మూలం బాగోలేకపోతే డీవీడీ అయినా చేసేదేముంది? ఊరూరా తిరిగి గీతలుపడ్డ ప్రింటునే కాపీ చేస్తే, ఆ గీతలు నాలుగింతలు స్పష్టంగా కనిపిస్తాయి... అంతే తేడా!

నవ్వుకు కత్తెర
ఏడుపు సన్నివేశంలో రెండు గీతలుంటే సర్దుకోవచ్చు. హాస్యం అలా కాదు. అది క్షణాల లెక్క. ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున కదులుతుంది. ప్రొజెక్టర్లో తెగినప్పుడల్లా ఆపరేటర్ ఆ ముక్క తీసేసి అతికిస్తాడు. పోయింది అర సెకనే. కానీ అందులోనే రేలంగి కనుబొమ్మ ఎగరేసి ఉంటే? సుత్తి వేలు మాటకు చివరి అక్షరం అక్కడే ఉంటే? జోకు చచ్చినట్టే!

చట్రం సంగతీ అంతే. ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘గుండమ్మ కథ’ (1962)... మూడూ మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో తీసినవే. దాదాపు చదరపు తెరకోసం కూర్చిన బొమ్మలవి. ఇప్పటి వెడల్పాటి టీవీకి సరిపెట్టాలని పైనా కిందా కోసేస్తే గుండమ్మ తిప్పే ఎడమచెయ్యి ఎగిరిపోతుంది. సాగదీస్తే ‘మిస్సమ్మ’ సావిత్రి ముఖం అప్పడంలా మారుతుంది.

రంగేస్తే కొత్తదవుతుందా?
‘మాయాబజార్’కు మాత్రం అదృష్టం పట్టింది. హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ 165 మందితో ఎనిమిది నెలలు పనిచేయించి రంగులద్దింది. కొత్త ధ్వనితో 2010 జనవరి 30న విడుదలైతే జనం మళ్లీ థియేటర్లకు వెళ్లారు. శర్మ, శాస్త్రులు ‘గింబళి’ మీద పడే పాట్లు చూసి పిల్లలూ పగలబడ్డారు. అయితే ప్రింటు దెబ్బతిన్న కారణంగా రెండు పాటలు, చాలా పద్యాలు ఆ రంగుల ప్రతిలో లేకుండా పోయాయి. రంగు వేరు, మరమ్మతు వేరు అని చెప్పేందుకు ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

అసలు మరమ్మతు మొదలయ్యేది నెగెటివ్ దగ్గర. దాన్ని కడిగి, ఒక్కో బొమ్మనూ స్కాన్ చేసి, గీతలు తుడిచి, వణుకు ఆపి, శబ్దపు గీతలోంచి బుసబుసలు తీసేయాలి. మూడు గంటల సినిమా అంటే రెండున్నర లక్షలకు పైగా బొమ్మలు! ‘మిస్సమ్మ’ తీసిన ఎల్వీ ప్రసాద్ నెలకొల్పిన సంస్థే ఇవాళ చెన్నైలో ఇలాంటి పనిలో పేరు మోసింది. పనితనం మన ముంగిట్లోనే ఉంది. మూలప్రతి మిగలడమే అసలు చిక్కు. సరైన చల్లదనం లేకపోతే ఫిల్ము పులిసి, వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది.

ఆశ లేదా అంటే... ఉంది. లారెల్-హార్డీల ‘ద బ్యాటిల్ ఆఫ్ ద సెంచరీ’ (1927) రెండో రీలు చాలాభాగం పోయిందనే అనుకున్నారంతా. 2015లో దొరికింది! 2020లో శుభ్రమైన డిస్కుగా ఇళ్లకు చేరింది. మన దగ్గరా 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ కలిసి ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ సహా పది సినిమాల్ని పాతిక నగరాల్లో పెద్దతెర మీద చూపించాయి. ఆ శ్రద్ధే జహీరాబాద్ ఇంటి తెరదాకా రావాలి.

అప్పటిదాకా మన చేతిలోనూ కొంత ఉంది. టీవీలో బొమ్మ కొలతను 4:3కు మార్చండి. రెండు పక్కలా నల్లపట్టీలు కనిపిస్తాయి. కంగారొద్దు, అదే సరైన బొమ్మ. కాపీలు రెండు మూడుంటే నిడివి పోల్చండి. ఒక చిక్కుంది... మన టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు తిరుగుతాయి కాబట్టి మూడు గంటల సినిమాకు ఏడు నిమిషాలు తగ్గడం మామూలే. అంతకుమించి తగ్గితే కత్తెర పడ్డట్టే! అటకమీద పాత డిస్కులుంటే పాడవకముందే హార్డ్‌డిస్కులోకి ఎక్కించండి. వాటిలో దేన్లోనైనా మరోచోట లేని పద్యం ఉండొచ్చు.

నానమ్మ నవ్వినచోటే మనవడూ నవ్వాలి. ఇద్దరి మధ్యా అరవై ఏళ్లున్నా ఫర్వాలేదు... మసక మాత్రం ఉండకూడదు!