సంపాదకుని మాట: గూళ్ల లెక్క, తల్లుల లెక్క

లిటిల్ అండమాన్ దీవి పడమటి తీరానికి సరైన రోడ్డు లేదు. లెదర్‌బ్యాక్ తాబేళ్లను లెక్కించే బృందాలు తిండి, నీళ్లు, బ్యాటరీలతో సహా పడవలో చేరుకోవాల్సిందే. 2004 సునామీ ఈ దీవుల్లోని ఇసుక తీరాలను చాలావరకు మింగేసింది. ఏళ్ల తరబడి ఇసుక మళ్లీ మేట వేసింది, తాబేళ్లూ తిరిగొచ్చాయి. ఆ తర్వాతే, 2008 నుంచి, ఇక్కడ క్రమం తప్పని పరిశీలన మొదలైంది.

తీరం వెంట గస్తీ అంతా రాత్రిపూటే. తాబేలు గొయ్యి తవ్వేటప్పుడు వెలుతురు పడితే, అలికిడైతే బెదిరి సముద్రంలోకి తిరిగిపోతుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాక మాత్రం దాదాపు కదలదు. టేపుతో డొప్ప పొడవు కొలిచేది, భుజం కండలోకి బియ్యపుగింజంత చిప్ ఎక్కించేది అప్పుడే. ఆ తల్లి మళ్లీ ఎప్పుడొచ్చినా రీడర్‌కు దాని నంబరు దొరుకుతుంది.

ఆ నంబరే లేకపోతే లెక్క తప్పుతుంది. ఒకే తల్లి సుమారు పది రోజులకోసారి వచ్చి, ఒక్క సీజన్లోనే అనేక గూళ్లు పెడుతుంది. ఆపైన రెండు మూడేళ్లు కనిపించకపోవచ్చు. అందుకే వంద గూళ్లంటే వంద తాబేళ్లు కావు. ఒక ఏడాది గూళ్లు తగ్గినంత మాత్రాన జాతి తగ్గినట్టూ కాదు. పదేళ్ల లెక్కలైనా చేతిలో లేకుండా తీర్పు చెప్పడం తొందరపాటే.

ఉపగ్రహ ట్యాగులు వేసిన తల్లుల్లో కొన్ని ఆస్ట్రేలియా వైపు, కొన్ని ఆఫ్రికా తీరం వైపు వేల కిలోమీటర్లు ఈదాయి. దారిలో ఏ దేశపు వలలో చిక్కుకున్నా, ఆ లోటు ఈ తీరంలోని గూళ్ల లెక్కలోనే బయటపడుతుంది.