పాస్‌పోర్టు మీది నైపుణ్యం

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించిన నాటి నుంచి మనవాళ్ళ చర్చల్లో ఒక వాదన తరచుగా వినవస్తోంది. "మేము చదువుకున్నవాళ్ళం, పన్నులు కట్టేవాళ్ళం. దొంగదారిన వచ్చినవాళ్ళతో, కూలిపనివాళ్ళతో మమ్మల్ని ఒకే గాటన కట్టడమేమిటి?" అన్నదే ఆ వాదన. ఈ జాబు చదివే మిత్రుల్లో సాఫ్ట్‌వేరువారు ఎక్కువని నాకు తెలుసు గనుక ముందే చెబుతున్నాను: అందులోని బాధ నాకు అర్థమవుతుంది, తర్కమే మింగుడుపడదు. వలస పోయేవారిని నిపుణులు, నైపుణ్యం లేనివారు అని రెండు వరుసల్లో నిలబెట్టే ఆ గీతను ఎవరు గీశారో, దేనితో గీశారో ఒకసారి చూడవలసి ఉంది.

గీత పాతదే. 1922 నాటి వలసల చట్టంలో గుమాస్తాగిరీ, దుకాణంలో సరుకులమ్మడం, హోటల్లో వడ్డన, ఇంటిపని - ఇవన్నీ నైపుణ్యం గల పనులు. వ్యవసాయం మాత్రం నైపుణ్యం లేని పని! మబ్బు పట్టిన తీరు చూసి అదును చెప్పగల రైతు కన్నా చిల్లర కొట్టు గుమాస్తా నిపుణుడన్నమాట. మారిషస్, నాటాల్, ఫిజీ చెరకు తోటలకు మనవాళ్ళను ఒప్పంద కూలీలుగా తోలుకుపోయిన చరిత్ర అప్పటికి పచ్చిగానే ఉంది. మళ్ళీ అలా జరగకుండా కాపాడడం చట్టం ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని కాపాడవలసినది దోపిడీ నుంచి అయితే, చట్టం కొలిచింది మనిషి పనితనాన్ని. అదీ తప్పుడు తూనికతో.

దాని స్థానంలో 1983లో వచ్చిన చట్టం తూనికను మార్చింది గాని బాగుచెయ్యలేదు. దాని కింద ఏర్పడిన పద్ధతిలో సాధారణంగా పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని అచ్చవుతుంది. గల్ఫు సహా 18 దేశాలకు పనికోసం పోవాలంటే అలాంటివారు ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. 35 మార్కులతో గట్టెక్కి ఏ పనీ చేతగాని కుర్రవాడికి ఈ బెడద లేదు. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వచ్చి, నక్షా చూసి ఇరవై అంతస్తుల భవనానికి ఇనుపకడ్డీలు కట్టగల మనిషికి, లెక్కల పరీక్ష తప్పాడు గనుక, ఉంది. కువైట్‌లో ఇంటిపనికి పోయే కడప, కోనసీమ ఆడవారికి ఇంకో మెలిక: ముప్పై ఏళ్ళు నిండనిదే ఆ అనుమతీ దొరకదు. ఇంట్లో అప్పు మాత్రం ఆమెకు ముప్పై నిండేదాకా ఆగదు. అందుకే విజిటింగు వీసాల మీద పంపే ఏజెంట్లకు గిరాకీ. రక్షణ కోసం పెట్టిన కంచె వల్ల రక్షణ లేని దారి తెరుచుకుంది.

నేనుండే లాలాపేటకు కూతవేటు దూరంలో లాలాగూడ రైల్వే వర్కుషాపు ఉంది. నిజాం రైల్వే కాలంలో, 1893లో మొదలైంది. ఈ చుట్టుపక్కల పాత కుటుంబాల్లో ఎవరినడిగినా ఖలాసీ అంటే ఏమిటో, ఫిట్టరు అంటే ఏమిటో చెబుతారు. ఖలాసీగా చేరినవాడు బరువులు మోస్తాడు, సామాను అందిస్తాడు, పక్కన నిలబడి చూస్తాడు. కొన్నేళ్ళకు ట్రేడ్ టెస్టు పెడతారు. చేతికి ఇనుపముక్క ఇచ్చి, ఇంత కొలతకు ఆకురాయితో అరగదీసి చూపించమంటారు. చూపించినవాడు "స్కిల్డ్". నిన్నటి నైపుణ్యం లేనివాడూ ఇవాళ్టి నిపుణుడూ ఒకే మనిషి, అదే లుంగీ, అదే టిఫిన్ డబ్బా. నైపుణ్యం మనిషి జాతి కాదని, ఎక్కే మెట్టు మాత్రమేనని రైల్వేవారికి తెలిసినంత మాత్రం పాస్‌పోర్టువారికి తెలియలేదు.

ఇక డబ్బు సంగతి. 2020లో ఒక విచిత్రం జరిగింది. ఆ సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వం గల్ఫుకు పోయే కార్మికుల కనీస వేతన ప్రమాణాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఆ మరుసటి నెలలో అమెరికా కార్మిక శాఖ హెచ్-1బి ఉద్యోగులకు ఇవ్వవలసిన కనీస జీతాన్ని బాగా పెంచింది. ఒక ప్రభుత్వం పరాయివాడు రాకుండా అతని ధర పెంచింది, మరొకటి తనవాడు అమ్ముడుపోవడానికి ధర తగ్గించింది. రెండూ నిలవలేదు. అమెరికా నిబంధనను డిసెంబరులో అక్కడి కోర్టు కొట్టేసింది. మన తగ్గింపు మీద తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడ్డాక 2021 జులైలో పాత వేతనాలు పునరుద్ధరించారు. ఈ రెండిటిలో మొదటిదాని గురించి మన జాలంలో ఎన్ని టపాలు, ఎన్ని వ్యాఖ్యలు వచ్చి ఉంటాయో, రెండోదాని గురించి ఎన్ని వచ్చి ఉంటాయో మీరే లెక్క వేసుకోండి.

రిజర్వు బ్యాంకు లెక్కల్లో 2023-24లో దేశానికి వచ్చిన 118.7 బిలియన్ డాలర్లలో అమెరికా వాటా 27.7 శాతం, ఆరు గల్ఫు దేశాలది 37.9 శాతం. గల్ఫులో ఇంజనీర్లూ డాక్టర్లూ ఉన్నారు, నిజమే. అయినా ఆ డబ్బులో కడ్డీలు కట్టినవారి చెమట ఎంతో కొంత ఉందనడానికి సర్వే అక్కరలేదు.

రెండు వరుసల మధ్య అంత దూరముందా అంటే, అదీ అనుమానమే. గల్ఫు కూలీని కట్టేసేది యజమాని చేతిలోని కఫాలా. హెచ్-1బి ఉద్యోగిని కట్టేసేది కూడా స్పాన్సరే: ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేదా మూటాముల్లె సర్దుకోవాలి. తాడు పొడవులో తేడా ఉంది, ఆ తేడా చిన్నదని నేననను. కాని దేశానికి ఏడు శాతమన్న పరిమితి వల్ల గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి వేచి ఉన్నవాడు తాడే లేనట్టు మాట్లాడితే ఎలా?

"నైపుణ్యం లేనివాళ్ళు వస్తే అక్కడి పేదల కూలి పడిపోతుంది కదా" అంటారు. ఇది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. 1980లో క్యూబా నుంచి దాదాపు లక్షా పాతికవేల మంది పడవల్లో అమెరికాకు వచ్చారు. వారిలో చాలామంది మయామీలోనే స్థిరపడ్డారు. అయినా అక్కడి తక్కువ జీతగాళ్ళ కూలి పెద్దగా తగ్గలేదని 1990లో డేవిడ్ కార్డ్ తేల్చాడు. 2021లో నోబెల్ పంచుకున్న కార్డే ఈయన. బడి చదువు పూర్తికానివారిని విడిగా చూస్తే తగ్గిందని జార్జ్ బోర్హాస్ వాదించాడు. పండితుల తగవు తెగలేదు. మా నాచారం, మల్లాపూరుల్లో మాత్రం ఇదే తగవు రోజూ వినపడుతుంది. కట్టే ప్రతి అపార్టుమెంటు దగ్గరా ఒడియా, హిందీ మాటలే. "వీళ్ళొచ్చి రేటు చెడగొట్టారు" అని పాలమూరు మేస్త్రీ అంటాడు. "వీళ్ళు లేకపోతే స్లాబు పడదు" అని బిల్డరు అంటాడు. ఇద్దరిదీ నిజమే. అమెరికాలో మనమీద చెప్పేవీ ఈ రెండు మాటలే, ఇంగ్లీషులో. 2020 మే 1న లింగంపల్లి నుంచి హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక రైలు కదిలినప్పుడు, అందులో ఎక్కిన పన్నెండు వందల మందీ మన ఊళ్ళో ఆ రోజుకు అక్కరలేకపోయిన వలసవాళ్ళు.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేతాలో ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు, కాల్చేముందు వీసా గురించి, దేశంలో ఉండే హక్కు గురించి నిలదీశాడని సాక్షులు చెప్పారు. శ్రీనివాస్ దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయి. అడిగినవాడికి వాటితో పని లేదు.

దేశాలు ఎవరిని రానివ్వాలో ఎంచుకోకూడదని నేననడం లేదు. ఎంచుకుంటాయి, వాటి అవసరం వాటిది. మన చేతిలో ఉన్న పని వేరు. పదో తరగతి మార్కుల జాబితాను పక్కనపెట్టి, పోయే ముందు కడ్డీ పనివాడికీ, వెల్డరుకూ, వంటమనిషికీ ట్రేడ్ టెస్టు పెట్టి, ఆ పని పేరుతో ధ్రువపత్రం ఇవ్వవచ్చు. ఆ పేరుకు తగ్గ జీతం ఒప్పందంలో రాయించవచ్చు. నిర్మాణ పనులు నేర్పడానికి హైదరాబాదులో న్యాక్ ఉంది, విదేశాలకు మనుషులను పంపడానికి తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది. పరీక్ష ఎలా పెట్టాలో తెలియకపోతే లాలాగూడకు రండి, ఇక్కడ ప్రతి వీధిలోనూ ఒక రిటైరైన ఫిట్టరు ఖాళీగా కూర్చుని ఉన్నాడు.